అమ్మీకీ ఓ షౌక్ ఉంటుంది



ఒక చిన్న సవాల్. మీ అబ్బాకి ఇష్టమైన పాట ఏది? చాలామంది ఆలోచించకుండానే చెప్పేస్తారు. ఒకరింట్లో రఫీ, ఒకరింట్లో మెహదీ హసన్, ఇంకొకరింట్లో ఘంటసాల. ఆయన చాయ్ ఎక్కడ తాగుతారో, అందులో ఏ బిస్కెట్ ముంచుకుంటారో, కుర్రతనంలో దోస్తులతో అజ్మీర్ వెళ్ళినప్పుడు రైల్లో ఏం జరిగిందో కూడా చెబుతారు. ఆ కిస్సాలు మన ఇళ్ళల్లో ప్రతి ఈద్‌కీ కొత్తగా మొదలవుతాయి, ఎన్నిసార్లు విన్నా మళ్ళీ నవ్వుతాం.

ఇప్పుడు అదే సవాల్ అమ్మీ గురించి. ఆమెకి ఇష్టమైన పాట ఏది? చూడాలని మనసుపడిన ఊరు ఏది? వేడి చాయ్ వేడిగా ఉండగానే ఆమె చివరిసారి ఎప్పుడు తాగింది?

ఈ మాట నేను మా మోహల్లాలో అడుగుతుంటాను, షాదీ దావతుల్లో అడుగుతుంటాను, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళని కూడా వదలను. జవాబు దాదాపు ఒకేలా వస్తుంది. "అమ్మీకి అలాంటివేం లేవు, మేమే ఆమె దునియా." తారీఫ్‌గానే అంటారు. వినడానికి తీయగానే ఉంటుంది. కానీ ఒక మనిషికి ఏ షౌకూ లేదని ఆమె పిల్లలే గర్వంగా చెప్పుకుంటున్నారంటే, ఆ ఇంట్లో ఎక్కడో ఒక హక్కు మాయమైందని నాకనిపిస్తుంది. ఇవాళ ఆ హక్కు గురించే రాస్తున్నాను. పాట వినడం, ఊరు తిరగడం, కాసేపు ఊరికే కూర్చోవడం, ఇవి చిన్న ఖుషీలే. కానీ మన ఇళ్ళల్లో అవి అందరికీ బరాబర్‌గా అందడం లేదు.

మన ఉర్దూలో రెండు మాటలున్నాయి: షౌక్, ఫుర్సత్. షౌక్‌ని తెలుగులో సరదా అంటాం, ఇష్టం అంటాం. రెండూ సరిపోవు. షౌక్‌లో కొంచెం పిచ్చి ఉంటుంది. మిద్దె మీద కబూతర్లు పెంచేవాడిది షౌక్. అత్తరు సీసాలు జమచేసేవాడిది షౌక్. సంక్రాంతికి నెల ముందునుంచే పతంగులు, మాంజా అని కలవరించేవాడిది షౌక్. ముషాయిరాకి వెళ్ళి తెల్లవారుజామున ఇల్లు చేరేవాడిది షౌక్. గమనించారా, ఈ మాట వినగానే నాకు గుర్తొచ్చినవాళ్ళందరూ మగాళ్ళే.

ఫుర్సత్ అంటే తీరిక. తీరిక దానంతటది పుట్టదు. ఒకరికి దొరికితే ఆ వేళకి ఇంకొకరు పనిచేస్తున్నారని లెక్క. ఇంటాయన మగ్రిబ్ తర్వాత రెండు గంటలు దోస్తులతో కూర్చుంటున్నారంటే, ఆ రెండు గంటలూ రొట్టెలు ఒత్తేవాళ్ళు, పిల్లల హోంవర్క్ చూసేవాళ్ళు, ముసలాయనకి మందులిచ్చేవాళ్ళు ఇంట్లో ఉన్నారు కాబట్టే. ఆయన కూర్చోవడం తప్పని నేననను. కూర్చోవాలి. ఆ రెండు గంటలు లేకపోతే మనిషి గానుగెద్దే. కానీ రొట్టెలు ఒత్తే మనిషికి ఆ రెండు గంటలు ఎప్పుడు?

నేనుండే ఏ.ఎస్. రావు నగర్ సంగతే చూడండి. 1967లో మొదలైన ఈసీఐఎల్‌ని నిలబెట్టిన అణుశాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు గారి పేరు మీద వెలిసిన కాలనీ ఇది. ఆ కంపెనీ ఉద్యోగుల ఇళ్ళతో మొదలై ఇవాళ బట్టల షోరూములు, హాస్పిటళ్ళు, టిఫిన్ సెంటర్లతో కిటకిటలాడుతోంది. అదే కంపెనీ ఒకప్పుడు ఈసీ టీవీలు తయారుచేసింది. ఆ రోజులు చూసినవాళ్ళకి యాద్ ఉంటుంది, గల్లీకి ఒక టీవీ, ఆదివారం సాయంత్రం సినిమా, గల్లీ అంతా ఆ ఒక్క ఇంట్లో. మగవాళ్ళు కుర్చీల్లో, పిల్లలు చాప మీద. ఆడవాళ్ళు వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక కన్ను తెర మీద, ఒక చెవి పొయ్యి మీద. పాట సగంలో ఉండగా సాలన్ మాడిన వాసనొస్తే లోపలికి పరుగు. అలా సగం సగం చూసిన సినిమాలు ఎన్నో.

ఇప్పుడు అస్ర్ నమాజ్ తర్వాత రాధిక చౌరస్తా నుంచి ఈసీఐఎల్ చౌరస్తా వైపు నడుస్తూ చూడండి. చాయ్ దుకాణాల ముందు మగపిల్లలు, మధ్యవయసు మగవాళ్ళు, రిటైరైన తాతలు గుంపులుగా నిలబడి ఉంటారు. ఊరికే. ఏ పనీ లేకుండా. ఆడవాళ్ళు లేరా? బోలెడుమంది ఉన్నారు. అయితే ప్రతి ఒక్కరి చేతిలో ఒక సంచీ ఉంటుంది. పాల ప్యాకెట్లు, కూరగాయలు, మందుల చీటీ, పిల్లల యూనిఫామ్. బుర్ఖా వేసుకున్న మన ఆడవాళ్ళే కాదు, చీరలు కట్టుకున్న ఇరుగుపొరుగు అక్కలూ అంతే. ఏదో ఒక పని చేతిలో పట్టుకుంటేనే వీధిలో నడిచే ఇజాజత్ దొరుకుతుంది. చేతులూపుకుంటూ చల్లగాలి కోసం వచ్చానంటే "ఏమైంది, అంతా ఖైరియతేనా?" అని అడుగుతారు.

ఇక పాటల దగ్గరికొద్దాం.

తెలుగు ముసల్మాన్ల ఇళ్ళల్లో పాట రెండు జబాన్లలో వినిపిస్తుంది. మా నానీమా జోలపాటలు సగం దక్కనీ, సగం తెలుగు. పొద్దున రేడియోలో నాత్, మధ్యాహ్నం సుశీల, రాత్రి తలత్. ఈ రెండు జబాన్లూ ఎక్కడో ఒకచోట కలిస్తే మా ఇంట్లో పండగే. లతా మంగేష్కర్ 1955లో ‘సంతానం’ సినిమాకి తెలుగులో జోలపాట పాడారు. తలత్ మహమూద్ 1959లో ‘మనోరమ’ కోసం, మహమ్మద్ రఫీ 1964లో ‘భక్త రామదాసు’ కోసం తెలుగులో పాడారు. ఆ ఉచ్చారణలో కొంచెం పరాయితనం ఉంటుంది. మనం తెలుగు మాట్లాడితే కొందరు నవ్వే ఆ మెత్తటి యాసే. అందుకే అవి నాకు ఇంకా మొహబ్బత్.

రేడియో ఆడవాళ్ళకి పెద్ద సాథీ. వంటింట్లో కూర్చోబెట్టుకోగలిగే ఏకైక దోస్త్ అదే కదా. చేతులు పనిలో ఉన్నా చెవులకి పనుండదు. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు విని పెరిగిన తరం ఒకటి ఉంది. వివిధభారతిలో జనరంజని కోసం పోస్టుకార్డులు రాసిన తరం ఉంది. మా ఖాలా ఆ కార్డులు రాసేది. కానీ కింద సంతకం తనది కాదు, తమ్ముడిది. ఆడపిల్ల పేరు రేడియోలో వినబడితే ఇంకేమైనా ఉందా! ఒకరోజు పాట వచ్చింది, పాట కోరినవారి పేరుగా తమ్ముడి పేరు ఊరంతా వింది. తమ్ముడు గల్లీలో కాలరెగరేసుకుని తిరిగాడు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని పాట మొత్తం వింది. ఇప్పటికీ నవ్వుతూనే చెబుతుంది. ఆ నవ్వులో కాస్త హసరత్ కూడా ఉందని విన్నవాళ్ళకి అర్థమవుతుంది.

ఇక్కడ కొందరు అడుగుతారు, అడగాలి కూడా. "మౌసీఖీ హరామ్ కదా, దాన్ని హక్కు అంటావేంటి?" నేను ఆలిమాని కాను, ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు. ఈ మసలా మీద ఉలమాల మధ్య వందల ఏళ్ళుగా ఇఖ్తిలాఫ్ ఉంది. కొందరు వాయిద్యాలను పూర్తిగా వద్దన్నారు. ఇమామ్ గజాలీ లాంటివాళ్ళు ‘ఇహ్యా’లో సమా గురించి ఒక అధ్యాయమే రాసి, పాటలో ఏముంది, వినేవాడి దిల్‌లో ఏముంది అని విడదీసి చూశారు. మన దక్కన్‌లో చిష్తీ బుజుర్గుల ఖాన్‌ఖాల్లో సమా సాగింది. ఎవరు ఎవరిని మానతారో అది వాళ్ళ ఈమాన్, వాళ్ళ ఇల్మ్. దీన్ కోసం పాట మానేసినవాళ్ళంటే నాకు ఇజ్జత్ ఉంది, మగాళ్ళైనా ఆడవాళ్ళైనా.

నా షికాయత్ వేరే. ఒకే ఇంట్లో రెండు ఫత్వాలు ఎలా నడుస్తాయి? భాయీజాన్ కారులో కిషోర్ కుమార్ మోగుతుంటే ఎవరికీ గునా గుర్తురాదు. బరాత్‌లో మర్ఫా మోగుతుంటే చాచాలు, మామూలు నోట్లు విసురుతూ నాచ్ చేస్తారు. అదే ఇంట్లో బహూ గిన్నెలు కడుగుతూ కాస్త గొంతెత్తి పాడితే "ఆవాజ్ నీచీ!" అంటారు. హరామ్ అయితే అందరికీ హరామ్ కావాలి. ఇజాజత్ ఉంటే అందరికీ ఉండాలి. గునా లెక్క ఆడవాళ్ళ గొంతు దగ్గర మాత్రమే మొదలైతే అది దీన్ కాదు, మన రివాజ్. రివాజ్‌కి దీన్ షేర్వానీ తొడిగితే ఎవరూ సవాల్ చేయరని మనకి తెలుసు.

సహీ హదీసుల్లో మనందరికీ తెలిసిన రెండు వాకియాలున్నాయి. ఒక ఈద్ రోజున హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో ఇద్దరు అమ్మాయిలు పాడుతుంటే హజ్రత్ అబూబకర్ (రజి) కోప్పడ్డారు. వాళ్ళని పాడనివ్వమని, ఇది మన ఈద్ అని హుజూర్ (స) అన్నారు. రెండోది నాకు ఇంకా ప్యారా. అబిసీనియా వాళ్ళు మస్జిద్‌లో బల్లేలతో ఆట ఆడుతున్నారు. ఆయిషా అమ్మకి చూడాలని ఉంది. హుజూర్ (స) ఆమెకి పర్దాగా నిలబడ్డారు, ఆమె వెనుకనుంచి చూసింది. ఎంతసేపు? ఆమె తనంతట తాను అలసిపోయేదాకా.

ఆ చివరి మాట దగ్గర ఆగి ఆలోచించండి. పూరీ ఉమ్మత్ బరువు మోస్తున్న మనిషి, ఒక పడుచు బీవీ తమాషా చూడాలనుకుంటే, ఆమె జీ భరించేదాకా కాళ్ళ మీద నిలబడ్డారు. "ఇక చాలు, పద, ఇంట్లో పనుంది" అనలేదు. ఆయన ఇంట్లో ఉంటే ఏం చేసేవారని అడిగితే, ఇంటివాళ్ళ పనుల్లో సాయపడేవారని కూడా ఆయిషా అమ్మే చెప్పింది. ఈ సున్నత్ మీద బయాన్ మీరు ఎన్నిసార్లు విన్నారు? గడ్డం కొలతల మీద ఎన్నిసార్లు విన్నారు?

మన ఆడవాళ్ళ గొంతులో పాట కొత్తగా వచ్చిందేమీ కాదు. బిజాపూర్ సూఫీలు దక్కనీలో చక్కీనామాలు, చర్ఖానామాలు రాశారు. తిరగలి విసురుతూ, రాట్నం వడుకుతూ ఆడవాళ్ళు పాడుకోవడానికి. తిరగలి పిడిని అలిఫ్‌తో పోలుస్తూ, పని చేస్తూనే అల్లాని యాద్ చేసే పాటలు. మన దగ్గర సామాన్యులకి దీన్ చేరిన దారుల్లో ఆడవాళ్ళ పాట కూడా ఒకటి. ఆ తర్వాత ఢోలక్ కే గీత్. మాంజే, సాంచక్, మెహందీ రాత్రుల్లో హైదరాబాదీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒకచోట చేరి, సమ్‌ధన్‌ని ఏడిపిస్తూ, దుల్హన్‌ని నవ్విస్తూ, రుఖ్సతీ పాటతో అందర్నీ ఏడిపిస్తూ పాడేవాళ్ళు. రాసినవాళ్ళ పేర్లుండవు. నోటినుంచి నోటికి వచ్చినవే. ఇప్పుడు ఫంక్షన్ హాల్లో డీజే వచ్చింది. మగవాళ్ళ మర్ఫా బతికింది, ఆడవాళ్ళ ఢోలక్ అటకెక్కింది. దానికోసం ఎవరూ బాధపడినట్టు కూడా లేదు.

ఏ.ఎస్. రావు నగర్ నుంచి మౌలా అలీ ఎంతో దూరం కాదు. గుట్ట మీద దర్గా అందరికీ తెలుసు. కుతుబ్‌షాహీల నాటిది, రజబ్ నెలలో ఉర్స్. గుట్ట కింద ఉన్న ఒక మఖ్బరా గురించి మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు. అక్కడ నిద్రపోతున్నది మహ్ లఖా బాయి చందా. 1768లో పుట్టి, 1824లో కన్నుమూసిన షాయరా, గాయని, నిజాం దర్బారులో ఉమ్రావుల వరసలో నిలిచిన ఔరత్. 1798లో తయారైన ఆమె దీవాన్ చేతిరాత ప్రతిలో 125 గజళ్ళున్నాయి. చాలావరకు హజ్రత్ అలీని తలుచుకుంటూనే ముగుస్తాయి. దీవాన్ ఉన్న తొలి ఉర్దూ షాయరాల్లో ఆమె ఒకరు. 1792లో తల్లి రాజ్ కున్వర్ బాయి కోసం ఆ మఖ్బరా కట్టించి, చివరికి తనూ ఆ పక్కనే చేరింది. అడిక్‌మెట్‌లోని ఆమె జాగీరు నేల మీదే ఉస్మానియా యూనివర్సిటీలో కొంత భాగం నిలిచిందని చెబుతారు.

తవాయిఫ్ కదా అని కొందరు ముక్కు విరుస్తారు. ఆ రోజుల్లో ఖాందానీ ఇళ్ళ ఆడవాళ్ళకి లేని చదువు, గానం, తిరిగే ఆజాదీ తవాయిఫ్‌కి ఎందుకున్నాయి? షరీఫ్ ఇళ్ళల్లో గొంతుకి తాళం వేశారు కాబట్టి. షరాఫత్ కావాలంటే పాట వదులుకో, పాట కావాలంటే షరాఫత్ వదులుకో. ఇదే షర్తు చాలా కాలం నడిచింది. బేగం అఖ్తర్ సంగతి చూడండి. 1945లో లక్నో బారిస్టర్‌తో నికాహ్ అయ్యాక ఆమె పాడటం మానేసింది. కొన్నేళ్ళు అలాగే గడిచాయి. తబియత్ పాడైంది, మనసు కుంగింది. చివరికి మళ్ళీ పాడటమే ఆమెకి దవా అయింది. 1949లో లక్నో రేడియో స్టేషన్‌కి తిరిగొచ్చింది. ఈరోజు మన ఇళ్ళల్లో వినే ఆమె గజళ్ళలో ఎన్నో ఆ తర్వాతవే. ఆ ఖామోషీ ఇంకో ముప్పై ఏళ్ళు సాగి ఉంటే మనకేం మిగిలేది?

బేగం అఖ్తర్‌కి పేరుంది కాబట్టి డాక్టర్లు, దోస్తులు పట్టించుకున్నారు. పేరులేని ఎంతమంది అఖ్తర్లు మన గల్లీల్లో తలనొప్పి మాత్రలు మింగుతున్నారో!

దీనికి బదులుగా ఒక చల్లని మిసాల్ కూడా మన తెలుగు నేల మీదే ఉంది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం గురించి మీకు తెలుసు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుబానీ, కాలేషాబీ మహబూబ్ భార్యాభర్తలు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నాదస్వరం వాయిస్తారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది. ఒక ఇంట్లో షౌక్‌ని మియా బీవీ ఇద్దరూ పంచుకుంటే ఎలా ఉంటుందో వాళ్ళని చూస్తే తెలుస్తుంది.

సఫర్ సంగతీ పాట లాంటిదే.

మన నానీమాల కాలంలో ఆడవాళ్ళకి ఇజాజత్ ఉన్న సఫర్ రెండే: మైకాకి, దర్గాకి. జహంగీర్ పీరాన్‌కో, జాన్‌పహాడ్‌కో, మొహర్రం నెలలో నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకో వెళ్ళేవాళ్ళు. టిఫిన్ డబ్బాలు, చాపలు, పిల్లలు, లారీయో బస్సో. మొక్కు ఒక బహానా కూడా. స్వర్ణాల చెరువులో నిలబడి ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళతో రొట్టె మార్చుకుని, వాళ్ళ కష్టం విని, తమ కష్టం చెప్పుకుని వచ్చేవాళ్ళు. నెలల తరబడి ఆ కబుర్లే. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో దర్గాకి వెళ్ళడం బిద్అత్ అని ఆపేశారు. ఆ బహెస్ ఆలిముల మధ్య ఉండనీయండి. నేనడిగేది ఒక్కటే. ఆ దారి మూసినవాళ్ళు ఆడవాళ్ళకి వేరే దారి ఏదైనా తెరిచారా? మగవాళ్ళకి జమాత్ ఉంది, సఫర్లు ఉన్నాయి, ఊరూరా దోస్తులున్నారు. అమ్మీకి దర్గా పోయింది, బదులు ఏమొచ్చింది? టీవీ సీరియల్!

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి చార్జీ లేదు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్. కార్డు చూపిస్తే జీరో టికెట్. దీని మీద ఎన్ని జోకులు వచ్చాయో మీరూ చూశారు. ఆడవాళ్ళు పనీపాటా లేకుండా తిరుగుతున్నారని, బస్సుల్లో జాగా లేదని. బస్సులు చాలకపోతే బస్సులు పెంచమని అడగాలి. రష్‌లో ఊపిరాడక నిలబడేది ఆడవాళ్ళే కదా. కానీ "పనీపాటా లేకుండా తిరుగుతున్నారు" అన్న తానా మాత్రం నాకు కితాబులా వినిపించింది. సుభానల్లా! కూలీకి, ఆఫీసుకి, హాస్పిటల్‌కి, కాలేజీకి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. అందులో కొందరైనా ఊరికే తిరుగుతున్నారంటే ఎంత మంచి ఖబర్!

ఈసీఐఎల్ నుంచి వెళ్ళే బస్సులో మొన్నామధ్య ఇద్దరు ముసలి ఆడవాళ్ళని చూశాను. తోడికోడళ్ళట. చార్మినార్ వెళ్తున్నారు. గాజులు కొనడానికా అని అడిగాను. "నై బేటా, ఐసేచ్," అంది పెద్దామె. చూసి రావడానికి. పొద్దున వంట చేసి, మూతలు పెట్టి, మగవాళ్ళు తినడానికి గిన్నెలు కూడా సర్ది వచ్చారట. "కైకూ జాతే, ఘర్ మే కామ్ నై క్యా?" అని ఇంట్లో అడిగితే, "బస్ ఫుకట్ హై" అన్నారట. పైసల్లేని బస్సు వాళ్ళకి ఒక జవాబు ఇచ్చింది. వెళ్ళడానికి ఇప్పటికీ ఒక జవాబు కావాలి, అదీ అసలు సంగతి.

ఇవి పెద్ద కోరికలేమీ కావు. 1938 నుంచి మన నగరంలో నుమాయిష్ జరుగుతోంది. అందులో ఒకరోజు ఆడవాళ్ళకే కేటాయిస్తారు. ఆ రోజు నాంపల్లి మైదానంలో నఖాబ్ పైకెత్తి మిర్చీ బజ్జీ తింటూ, జెయింట్ వీల్ మీద కేకలు పెడుతూ ఉన్న మన ఆడవాళ్ళని చూస్తే, వాళ్ళకి షౌకులు లేవని ఎవరనగలరు? 2025 జనవరిలో మన పక్కనే చర్లపల్లిలో కొత్త రైల్వే టెర్మినల్ మొదలైంది. సికింద్రాబాద్ స్టేషన్ దాకా పోనక్కర్లేకుండానే దూరపు రైలు ఎక్కొచ్చు. దారులు దగ్గరవుతున్నాయి. ఇంటి గడపే ఇంకా ఎత్తుగా ఉంది.

కొందరు చెల్లెళ్ళు అంటారు, "బాజీ, ఆడవాళ్ళని ఆపేది ఎక్కువగా ఆడవాళ్ళే." నిజమే. సాస్ ఆపుతుంది, నణంద్ ఆపుతుంది. కానీ ఎందుకాపుతుందో కూడా చూడాలి. తనకి ఎన్నడూ దొరకని ఫుర్సత్ ఇంకొకరికి సులువుగా దొరికితే దిల్ మండుతుంది, అది ఇన్సానీ ఫిత్రత్. ఆ మంటకి మందు బహూని ఆపడం కాదు, సాస్‌ని కూడా బస్సెక్కించడం.

ఇంకో మాట, రిష్తా బయోడేటాల గురించి. అబ్బాయి కాగితంలో క్రికెట్, ట్రావెలింగ్, మ్యూజిక్ అని ఉంటాయి. అమ్మాయి కాగితంలో వంట, కుట్లు, తిలావత్ అని రాస్తారు. తిలావత్ ఇబాదత్, దాన్ని హాబీ అనడమే బేఅదబీ. వంట రేపటినుంచి ఆమె డ్యూటీ. ఇక ఆమె షౌక్ ఏది? ఇవాళ చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తిరిగే మన బేటీలకి అన్నీ ఉన్నాయని మనం సంతోషపడుతున్నాం. ఆ ఇయర్‌ఫోన్స్ ససురాల్ దాకా వెళ్తాయా లేదా అన్నది అడగడం లేదు. జహేజ్ లిస్టు మీద రాత్రంతా బహెస్ చేసే పెద్దలు ఈ ఒక్క మాట కూడా కూర్చుని మాట్లాడొచ్చు. అమ్మాయి పాడుతుంది, బొమ్మలు వేస్తుంది, నెలకోసారి దోస్తులని కలుస్తుంది, మీకు మంజూరేనా? ఖుబూల్ అడిగేముందు ఇదీ అడగాలి.

మరి ఏం చేద్దాం? ఇన్‌కిలాబ్ ఏమీ అక్కర్లేదు. వారంలో ఒక సాయంత్రం అమ్మీ పేరున రాసేయండి. ఆ పూట రొట్టెలు ఎవరు చేస్తారో ముందే తేల్చుకోండి. హోటల్ నుంచి తెచ్చినా పర్వాలేదు, కాల్చడం నేర్చుకుంటే ఇంకా మంచిది. ఆమె ఫోన్‌లో ఆమె పాటలు వేసివ్వండి. ఏ పాటలో మీరు ఊహించకండి, ఆమెనే అడగండి. మొదట "నాకేం వద్దు బేటా" అంటుంది. అది అలవాటు మాట, రెండోసారి అడగండి. దర్గా మీకు నచ్చకపోతే చెరువు గట్టుకి తీసుకెళ్ళండి, మహ్ లఖా బాయి మఖ్బరా చూపించండి, రైలెక్కించండి. కిటికీ సీటు ఆమెకి ఇవ్వండి, చిన్నపిల్లల్ని మీరు ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఒక్కత్తే వెళ్తానంటే వెళ్ళనివ్వండి. పది నిమిషాలకోసారి ఫోన్ చేసి కుక్కర్ ఎక్కడుందని అడగకండి.

షాదీలు చేసే ఇళ్ళవాళ్ళకి ఒక దర్ఖాస్త్. మెహందీ రాత్రి ఒక గంట డీజే ఆపించండి. ఖాందాన్‌లో ఢోలక్ పాటలు తెలిసిన పెద్ద ఆడవాళ్ళు ఇంకా ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళని మధ్యలో కూర్చోబెట్టండి. గొంతు వణికినా పాడించండి. ఇజాజత్ తీసుకుని ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. వాళ్ళతోపాటు ఆ పాటలు కూడా ఖబ్రస్థాన్‌కి వెళ్ళిపోతే తెచ్చిపెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఆడవాళ్ళకీ ఒక మాట. మన షౌక్ గురించి మనమే సిగ్గుపడుతుంటాం. "ఈ ఉమర్‌లో ఏంటీ పిచ్చి" అని నవ్వేస్తాం. నవ్వకండి. చాయ్ పోసుకుని, కూర్చుని, వేడిగా ఉండగా తాగండి. తాగుతున్నప్పుడు ఎవరైనా నీళ్ళడిగితే, కుండ ఎక్కడుందో చెప్పండి.

మీ అమ్మీల జవాబులు నాకు రాయండి. ఏ పాట, ఏ ఊరు, ఏ చిన్న కోరిక. వాళ్ళ పేరు రాయొచ్చో లేదో మాత్రం వాళ్ళనే అడిగి రాయండి.

దుఆల్లో యాద్ ఉంచుకోండి. అల్లా హాఫిజ్.